పై గదికి పోతున్న మాటలు

"ఆ పుస్తకం ముందు మూసెయ్యండి. రాసేవాళ్లంటే నాకు నమ్మకం పోయింది" అన్నాడు హార్మోనియం మేస్త్రి, విప్పిన పెట్టె మీంచి తలెత్తకుండానే.

ఆయన గురించి పత్రికకి రాద్దామని తెరిచిన నోటుపుస్తకం మూసేశాను. ముప్పై ఏళ్లుగా ఊళ్లో పెట్టెలన్నీ ఆయన చేతుల్లోనే శ్రుతి కలుస్తున్నాయి. పెట్టెలో మోగే ఇత్తడి రేకు, రీడును కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి తేడా పట్టే చెవి ఆయనది. తనకంటూ ఒక్క పాట ఉండాలని మూడేళ్ల కిందట వరస కట్టుకున్నాడు. దానికి మాటలే రావడం లేదు.

"ఎందుకు రావో తెలుసా?" కళ్లతోనే పైకప్పు చూపించాడు. పై గదిలో ఆయన బావమరిది టైపు మిషను పెట్టుకుని నవల రాస్తున్నాడు. "నేను వరస అందుకున్నానా, వాడు టకటకా మొదలెడతాడు. నేను ఆపానా, వాడూ ఆపేస్తాడు. నాకు రావలసిన మాటలు మెట్లెక్కి అటు పోతున్నాయండీ."

"ఏదో అలా కుదిరి ఉంటుంది లెండి."

"కుదరడమా! పరీక్ష పెట్టాను. మొన్న బాగుకొచ్చిన పెట్టెలో ఒక రీడు కావాలనే అపస్వరం చేసి వాయించా. పైన టక్కున ఆగింది!"

"ఆగదూ మరి? చెవులు మూసుకోవాలంటే రెండు చేతులూ కావాలి" అంది ఆయన భార్య గుమ్మంలోంచి. "ఆ పెట్టె సంగీతం టీచరుగారిదండీ. ఆవిడ పెట్టిన చీవాట్లు నేను తిన్నాను."

"చూశారా, తమ్ముడి తరఫున వకాల్తా!"

ఆవిడ లోపలికి వెళ్లేదాకా ఆగి, తన సొంత పెట్టె ముందుకు లాక్కున్నాడు. ఎడమ చేత్తో తిత్తి కదుపుతూ ఆ వరస రెండుసార్లు వాయించాడు. మెత్తగా, ఎవరినో బతిమాలుతున్నట్టుంది. మూడోసారి ఎత్తుకోగానే పైన టకటక మొదలైంది. ఆయన వేలెత్తి చూపాడు. నిజం చెప్పొద్దూ, అనుమానం నాకూ అంటుకుంది.

"వరస పట్టుకున్నారుగా? ఏదో వంకతో పైకెళ్లండి. నేను పంపానని అనకండి. వాడు టైపు చేసిన నాలుగు కాగితాలు అడిగి తీసుకుని, మనసులో ఈ వరస మీద చదవండి. మాటలు చక్కగా కూర్చున్నాయా, దొంగ దొరికినట్టే."

"కూర్చుంటే ఏం చెయ్యమంటారు?"

ఆయన తిత్తి మూసి, గొంతు తగ్గించాడు.

"చెయ్యడానికేముంది? రెండు చరణాలకి సరిపడా గుర్తుపెట్టుకుని కిందికి రండి. వెళ్లండి, వెళ్లండి, వాడు మళ్లీ ఆపేస్తాడు."