కాగని డప్పు

మొన్న పొద్దున పాల ప్యాకెట్టు కోసమని బయలుదేరి హన్మకొండ చౌరస్తా దాకా నడిచేసరికి, రెండు కరెంటు స్తంభాల నడుమ కొత్త ఫ్లెక్సీ ఒకటి కట్టి ఉంది. ఈ ఏడు కూడా మన నగరంలో తిండి, పాటల పండుగ జరగబోతున్నదనీ, కుటుంబ సమేతంగా రావాలనీ దాని సారాంశం. ఒక పక్క సర్వపిండి, ఇంకో పక్క సకినాలు, మధ్యలో డప్పు పట్టుకున్న రెండు చేతులు. చేతులే. ఆ చేతుల వెనుక మనిషి ఉండవలసిన చోట పండుగ పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు గాని, ఒక ఆటోవాలా హారన్ కొట్టి జర పక్కకు జరగమనేదాకా కదలలేకపోయాను.

నా ఈడు వాళ్లకు మా పడుచు కాలం గురించి చెప్పనక్కరలేదు. చంకలో పుస్తకం పెట్టుకుని చాయ్ హోటల్లో కూర్చుని, దేవుడు ఉన్నాడా లేడా, సహపంక్తి భోజనాలతో కులం పోతుందా పోదా అని గొంతు చించుకునేవాళ్లం. వాదంలో గెలిస్తే లోకంలో గెలిచినట్టేనని నమ్మేవాళ్లం. మాది నేతపని చేసుకునే ఇల్లు. మా బాపు మగ్గం గుంటలో కాళ్లు ఆడిస్తూనే నా ఉపన్యాసాలన్నీ వినేవాడు, ఏనాడూ ఎదురు చెప్పేవాడు కాదు, పోగు తెగినప్పుడు మాత్రం తల ఎత్తి, నీ వాదం తర్వాత, ముందు ఈ పోగు అతుకురా అనేవాడు. అది నాకు అప్పట్లో ఉత్త అజ్ఞానంగా తోచేది.

నెక్కొండ స్టేషన్లో దిగి పొలం గట్ల మీద నడిస్తే వచ్చే ఒక పల్లెలో నాకు మొదటి టీచరు ఉద్యోగం దొరికింది. అక్కడి మాదిగవాడలో నాకంటే రెండు మూడేండ్లు పెద్దవాడైన డప్పు కళాకారుడు ఉండేవాడు. కళాకారుడు అన్న మాట ఇప్పుడు వాడుతున్నాను గాని, ఆనాడు అతన్ని ఆ మాటతో పిలిచినవాళ్లు లేరు. నేను అన్నా అనేవాణ్ణి, అతను నన్ను సారూ అనేవాడు. అన్న డప్పు పట్టే ముందు ఇంత గడ్డి అంటించి, లేచిన మంట మీద డప్పును గుండ్రంగా తిప్పుతూ కాచేవాడు. నడుమ నడుమ వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. తోలు బిగిసి ఖంగుమన్నాకనే మొదటి దెబ్బ. ముసురు పట్టిన రోజున ఇంకో కట్ట గడ్డి ఎక్కువ పట్టేది.

పెద్దల ఇండ్లలో ఎవరు చనిపోయినా ఆ వాడ వాళ్లు వెళ్లి డప్పు కొట్టవలసిందే. కూలి లేదు, కాదనే హక్కు లేదు, అందరూ తిన్నాక మిగిలింది దూరంగా కూర్చుని తినాలి. ఇది సంప్రదాయం కాదు, వెట్టి అని నేను ఆ వాడలో నెలల తరబడి కూర్చుని వాదించాను. అన్న ఎక్కువ మాట్లాడేవాడు కాదు, వినేవాడు. చివరికి దొర తల్లి చనిపోయిన రోజున కబురొస్తే, కొట్టను అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆ పంట కారంతా ఆ వాడను ఎవరూ నాట్లకు పిలవలేదు. అన్న వరంగల్ వచ్చి గింజల మార్కెట్లో హమాలీగా బస్తాలు మోశాడు. ఆ వేసవిలో నాకు మాత్రం నేను అడిగిన చోటికే బదిలీ అయింది. ఆనాడు నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. వెట్టి వెట్టే, దానికి తాళం జోడించినంత మాత్రాన కళ కాదు. కాని మానమని చెప్పింది నా నోరు, మానినవి అతని చేతులు. ఆ తేడా నాకు అర్థం కావడానికి తల నెరవవలసి వచ్చింది.

నిరుడు పండుగ జరిపే కమిటీలో ఉన్న నా శిష్యుడొకడు ఇంటికి వచ్చాడు. బయటి ఊళ్ల వాళ్లు పొద్దున వచ్చి గుడి చూసి, కోట చూసి, సాయంత్రానికి హైదరాబాద్ బండెక్కుతున్నారనీ, మన తిండీ మన పాటా రుచి చూపిస్తే ఒక పూటైనా ఇక్కడ ఆగుతారనీ, నాలుగిండ్లకు బతుకుదెరువు అవుతుందనీ చెప్పాడు. అందులో కాదనడానికి ఏమీ లేదు. స్టేజీ మీదికి కాలేజీ ట్రూపు కాకుండా అసలైన డప్పు కావాలన్నాడు. నాకు అన్న గుర్తొచ్చాడు.

ఎప్పుడో తిరిగి పల్లెకు చేరిన అన్న, నేను వెళ్లేసరికి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. సంగతి వినగానే వదినె నవ్వి, "ఈ ముసలాయన నాలుగు మెట్లెక్కితె గుండె దబదబ కొట్టుకుంటది. ఇగ చేతులతోని వేరె కొట్టాల్నా సారు?" అంది. అన్న నవ్వలేదు. లోపలికి వెళ్లి గొంగడిలో చుట్టిన పాత డప్పు చెక్క తెచ్చి నా ముందు పెట్టాడు. తోలు ఎప్పుడో పోయింది.

"ఇడువుమన్నది నువ్వే, పట్టుమంటాన్నది నువ్వే. అప్పుడు ఇడిస్తె తిండి వాయె. ఇప్పుడు పడితె ఏం బోతదో అది గూడ నువ్వే చెప్పు సారు."

నేను ఆ చెక్కనే అటూ ఇటూ తిప్పి చూశాను. చివరికి అతనే ఒప్పుకున్నాడు, నా కోసం కాదు. మన్మరాలు మడికొండలో ఏదో కంపెనీలో పని చేస్తున్నది. తాత డప్పు కొట్టేవాడని తెలుసు గాని ఏనాడూ వినలేదు. సచ్చినోళ్ల కోసం కొట్టిన, దొరల కోసం కొట్టిన, నా పోరి కోసం ఒక్కసారి కొడత అన్నాడు. ఆ మరునాడే మేకతోలు తెచ్చి ఆ చెక్కకు తనే బిగించుకున్నాడట. సందెవేళ చేను గట్టున కూర్చుని కొడుతున్నాడనీ, చేతులు తిరుగుతున్నాయనీ వదినె ఫోనులో చెప్తుంటే ఆమె గొంతులో వెక్కిరింత తగ్గుతూ వచ్చింది.

పండుగ రోజున సన్నని తుంపర పడుతున్నది. అన్న సంచిలో గడ్డి వెంట తెచ్చుకున్నాడు. మైదానం గేటు బయట రోడ్డు పక్కన అంటించి డప్పు కాచి, పట్టుమని పది దెబ్బలు వేశాడు. వెనకటి లాగే ఖంగుమన్నది. అంతలోనే గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి బాటిల్ నీళ్లతో ఆ మంట ఆర్పేశాడు. లోపల అతిథులకు శాలువలు, శాలువల తర్వాత ఉపన్యాసాలు. గంట గడిచేసరికి తడిగాలికి తోలు కుంగిపోయి, మీటితే అట్టముక్కలా మోగింది. స్టేజీ వెనుక గుప్పెడు గడ్డి అంటించుకోనివ్వమని శిష్యుణ్ణి అడిగాను.

"ఏదన్న అడుగుండ్రి సార్, నిప్పొక్కటి అడగకుండ్రి. పందిరంత బట్టనే. గా మాట రాయించుకున్నంకనే పర్మిషన్ ఇచ్చిండ్రు."

అతను చెప్పింది సబబే. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. గేటు బయటికి పోయి వచ్చే వ్యవధి లేదు, తర్వాతి వంతు మాదే. అప్పుడు నాలోని హేతువాది మేలుకున్నాడు. మంటే కావాలని ఏముంది, వేడి ఎక్కడిదైనా వేడే కదా అన్నాను. స్టాళ్లన్నిటికీ కరెంటు పొయ్యిలే ఇచ్చారు. జొన్నరొట్టెలు చేస్తున్న అక్క దగ్గరికి అన్నను లాక్కుపోయాను. "దీని మీద రొట్టెనే పొంగుతలేదు సారు, డప్పు పొంగుతదా?" అని నవ్వుతూనే ఆమె పెనం దించి ఇచ్చింది. అన్న వెనకాడాడు. దీని మంట కంటికి కనపడదు, ఎంత దూరం పట్టాలో చేతికి తెలియదు అన్నాడు. నేను వినలేదు. డప్పు అతని చేతుల్లోంచి తీసుకుని, ఎర్రగా కాగిన ఆ పొయ్యి తీగచుట్ట మీద నేనే పట్టుకున్నాను. తిప్పాలన్న ధ్యాస ఆలస్యంగా వచ్చింది. అప్పటికే టప్పుమని తోలు నడిమిదాకా చీలిపోయింది.

 అన్న ఆ చీలిక వెంట వేలితో ఒకసారి నిమిరాడు, అంతే. మైకులో అతని పేరు పిలిచారు. శిష్యుడు పరుగెత్తుకొచ్చి, ఊరేగింపు కోసం పెట్టుకున్న డప్పు రికార్డు ఉందనీ, అది వేస్తామనీ, ఊరికే చేతులు ఆడిస్తే చాలనీ బతిమాలాడు. వద్దు అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. అన్న నా వైపు తిరిగి, నా పోరి అచ్చిందా అని అడిగాడు. మూడో వరుసలో తోటి ఉద్యోగులతో కూర్చుని ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది. అచ్చింది అన్నాను. చీలిక కనపడకుండా డప్పును పొట్టకు దగ్గరగా వంచి పట్టుకుని స్టేజీ ఎక్కాడు.

సౌండు పెట్టెల్లోంచి ఎవరిదో డప్పు మోగింది. అన్న పుల్లలు తోలుకు జానెడు పైననే ఆగిపోతున్నాయి. అడుగులు మాత్రం తనవే. అక్కడక్కడ అతని చెయ్యి రికార్డు కంటే ముందు పోయి మళ్లీ వెనక్కి వచ్చి దానితో కలిసేది. బాబాల సభల్లో నడుమ లేచి రుజువు చూపమని నిలదీసినవాణ్ణి, ముందు వరుసలో కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నాను. లేచి ఏమనాలి? ఎవరి పరువు తీయాలి?

దిగగానే ఆ పిల్ల వచ్చి తాతను వాటేసుకుని, "మస్తు కొట్టినవ్ తాతా, మా ఆఫీసోళ్లంత పరేషానైతాండ్రు" అంది. అన్న నా వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, ఉంటే తట్టుకునేవాణ్ణి. అవునమ్మా, బాగా కొట్టిండు అన్నాను.

నేను పని చేసిన రోజుల్లో ఆ పల్లెలో, కండ్లు కనపడక నులక మంచం దిగలేని ముసలవ్వ కూడా, దూరాన డప్పు వినపడగానే ఇది ఫలానా వాని చెయ్యి అని చెప్పేది. పెండ్లి దెబ్బో, చావు దెబ్బో, కొట్టేవాడు కడుపునిండా తిన్నాడో లేదో కూడా చెప్పేది. ఆ వినికిడి వెట్టితో పాటే ఊళ్లో ఉండేది. వెట్టిని పోగొట్టి దాన్ని నిలుపుకునే ఉపాయం మా వాదాల్లో ఎవరికీ తట్టలేదు. నిరుడు అంత పెద్ద మైదానంలో, అన్ని దీపాల వెలుగులో, మనిషి కొట్టలేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. వాళ్లను తప్పు పట్టను, వాళ్లు ఎన్నడు విన్నారని?

వదినె అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. అన్న డప్పుకు మళ్లీ కొత్త తోలు వేశాడట. మన్మరాలు ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక్కసారి కొట్టు తాతా అని అడుగుతుందట. ఆ పిల్ల చెవిలో తాత దెబ్బ అంటే ఆ పెట్టెల్లో మోగిందే. ఇప్పుడు అన్న తన చేత్తో కొడితే అది వేరుగా వినపడుతుంది. చేతులు నొస్తున్నయి బిడ్డా అని చెప్పి, అన్న ఆమె వెళ్లేదాకా డప్పు జోలికి పోడట.