పట్టిక అక్కర్లేని అమారో

స్పెయిన్‌లోని గలీసియా తీరంలో మెస్టా నది పొడవు నాలుగు కిలోమీటర్లే. అందులో నలభై ఏళ్లు పడవ నడిపిన అమారో, ఆటుపోట్ల పట్టిక తనకు అక్కర్లేదని అందరితో చెప్పేవాడు.

ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్లు తమ బుట్టలను వేలంపాటకు చేర్చే పడవవాడి కోసం చూస్తున్నారని తెలిసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పని అడగడానికి పడవలో బయలుదేరాడు. వాళ్లు ఏరేది వాగు నదిలో కలిసేచోట. రెండు రోజుల వానకు వాగు పొంగి, నది నిండుగా కనిపించింది. పోటు వస్తోందనుకుని అమారో పడవను ఒడ్డు దాకా పోనిచ్చాడు. కానీ అది వాగు నీరు. సముద్రం అప్పటికే వెనక్కి పోతోంది. కాసేపటికి పడవ బురదలో చతికిలబడింది.

ఆడవాళ్లు బురద గీరి ఆల్చిప్పలు తీసే పళ్ల పారలతో దిగారు.

"ఏవయ్యా అమారో, బస్సు కోసం కూచున్నావా?" అంది వాళ్ల పెద్ద ఓబ్దూలియా.

"లేదమ్మా. ఈ నదికి గురువునని చెప్పుకున్నాగా, పాఠం పూర్తయ్యేదాకా కదలనివ్వనంటోంది."

"మరి ఈ చొక్కా? పెళ్లిచూపులకా?"

"మీ దగ్గర పని అడుగుదామని. ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఓబ్దూలియా నవ్వి, నిండిన మొదటి బుట్టను తెచ్చి పడవలో పెట్టింది.

"ఆరు గంటలు ఎటూ పోలేవు. పడవవాడు ఏ కొట్లో తాగుతున్నాడోనని మేం వెతుక్కునే పని లేదు. అడగడమెందుకు, ఎక్కించుకో."

సాయంత్రం పోటు పన్నెండు బుట్టలతో సహా పడవను లేపింది. ఆ పని ఎలా దొరికిందని ఎవరడిగినా, "కదలకుండా కూచుని సంపాదించా," అనేవాడు అమారో. చొక్కా జేబులో మాత్రం అప్పట్నుంచి ఆటుపోట్ల పట్టిక ఉండేది.