కాళప్పాచారి తప్పు పద్దు

గోరంట్ల బజారులో కాళప్పాచారికి చిన్న బంగారు అంగడి ఉండేది. ఎనభై అయిదో సంవత్సరం వేసవికి మా వైపు వరుసగా మూడేళ్ళు వేరుశనగ మాడిపోయింది. పల్లెల ఆడవాళ్ళు ఒంటిమీది బంగారం అమ్ముకోవడానికి ఎండలో నడిచి అతని దగ్గరికే వచ్చేవారు. ఆచారి భార్య సుబ్బరత్నమ్మ ముందుగా వాళ్ళకు గ్లాసుడు రాగి అంబలి ఇచ్చేది. అది తాగాకే త్రాసు బయటికి వచ్చేది.

కమ్మలు, ముక్కుపుడకలు అయిపోయాక తాళిబొట్లు రావడం మొదలైంది. ఆచారి వాటిని కాళికాంబ పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాకే కరిగించేవాడు. సుబ్బరత్నమ్మ దారానికి పసుపుకొమ్ము కట్టి తాళి అమ్మినామె మెడలో వేసి, బొట్టు పెట్టి పంపేది. అయితే సర్కారుకు చూపే పుస్తకంలో ఆచారి ఒక పని చేశాడు. ముత్తైదువ తాళి అమ్మిందని రాస్తే ఆమె మగనికి కీడని అతని నమ్మకం. అందుకని తూకం గురిగింజంత కూడా తేడా రాకుండా వేసి, ఆ తాళిబొట్లన్నిటినీ 'కొత్తగా చేసి ఇచ్చినవి' అన్న వరుసలో రాశాడు.

వైశాఖంలో ఒక అధికారి వచ్చాడు. ఏ తాలూకాలో జనం ఎంత బంగారం కొంటున్నారు, ఎంత అమ్ముతున్నారు అని లెక్క తీయడం అతని పని. పుస్తకం తిరగేసి నవ్వాడు.

"ఏమయ్యా, ఏడాదిలో నలభై ఒక్క కొత్త తాళిబొట్లా? పైకి కరువని ఏడుస్తారు, ఇళ్ళల్లో మేళాలు మోగిస్తారు!"

ఆచారి పుస్తకం మూసి పక్కన పెట్టుకున్నాడు. సుబ్బరత్నమ్మ ఇచ్చిన అంబలి తాగి, గ్లాసు కింద పెట్టి అధికారి వెళ్ళిపోయాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇక్కడే. ముందు రోజే తాళి అమ్ముకున్న తిప్పమ్మ, మిగిలిన దుడ్ల కోసం వచ్చి అతనికి ఎదురుగానే కూర్చుని ఉంది. ఆమె మెడ వైపు ఒక్కసారైనా చూసినవాడు కాడు.

పదిహేను రోజులకు తిప్పమ్మ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ సర్కారు పెట్టిన కరువు పని ఆగిపోయింది. రోడ్డుకు కంకర కొట్టి, ఆ కూలితో గంజి కాచుకుంటున్న ఇళ్ళు అవి. బంగారం కొనే ఊళ్ళకు పనెందుకని పైనుంచి ఉత్తరువు వచ్చిందని మేస్త్రీ చెప్పాడు. తిప్పమ్మ నేరుగా అంగడికి వచ్చింది.

"నా పేరున ఏమి రాసినావన్నా?"

ఆచారి తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నా మొగునికి కీడని కొత్త తాళి రాసినావా? నిన్నట్నుంచి ఆయప్ప నీళ్ళు తాగి పండుకోనుండాడు. ఇంతకన్నా కీడు యాడుండాది? అమ్ముకున్నానని రాయి. నా పేరే ముందు రాయి!"

"రాయలేనమ్మా. చెయ్యి పడిపోతాది."

"పడిపోతే సుబ్బరత్నక్క తినిపిస్తాదిలే. రాయి!"

సుబ్బరత్నమ్మే లోపలి నుంచి కలం తెచ్చి ఇచ్చింది. ఆచారి దేవుని తలుచుకుని నలభై ఒక్క పేర్లూ తాళి అమ్మినవాళ్ళ కింద మార్చి రాశాడు. మరునాడు ఆ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని తాలూకా ఆఫీసుకు పోయాడు. లెక్క పైకి వెళ్ళిపోయింది, ఇక మార్చడం కుదరదన్నాడు ఆ అధికారి.

ఎవరినీ గట్టిగా ఒక మాట అనని కాళప్పాచారి బల్ల మీద చరిచాడు.

"తప్పు రాసింది నేను సారూ, నన్ను జైల్లో పెట్టు! వీళ్ళ కడుపులెందుకు మాడుస్తావు? ఆ పొద్దు ఈ తల్లి నీ ముందరే కూర్చోనుండె. తలెత్తి చూసింటే నా పుస్తకం నీకు అక్కరుండేదా?"

తిప్పమ్మ పైట జరిపి పసుపుకొమ్ము చూపింది. వెనకాల ఒక్కొక్కరే చూపారు.

"లెక్క ఎంచుకో సారూ. ఎంచేదే కదా నీ పని!"

ఆ ఆఫీసు గుమాస్తా నారాయణప్ప కుర్చీలోంచి లేచి ఆడవాళ్ళకు చేతులు జోడించాడు. అధికారి మొహం తిప్పుకుని కొత్త కాగితం అడిగాడు.

వారానికి కంకర పని మళ్ళీ మొదలైంది. మధ్యలో పోయిన రోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. తప్పుడు పుస్తకం రాసినందుకు ఆచారికి జరిమానా వేశారు. ఆ అధికారికి మాత్రం ఏమీ వేయలేదు.