ఐసు పెట్టిన గడియ

అత్తయ్యకి ఒక్కటే పిచ్చి: డిటెక్టివ్ నవల రాయడానికి పనికొచ్చే వెబ్‌సైట్లు వెతకడం. నవల మాత్రం రాయదు. రిటైరైన ఇన్‌స్పెక్టరు వేలిముద్రల గురించి చెప్పే వీడియోలు, విషాల మీద ఓ డాక్టరు నడిపే బ్లాగు, కొత్త రచయితలు సందేహాలు అడిగే ఫోరం, అన్నీ ఆవిడకి కొట్టినపిండి. "మొదటి వాక్యం ఎప్పుడు రాస్తారు అత్తయ్యా?" అని కోడలు అడిగితే, "ఒక్క చిన్న సందేహం ఉందమ్మా, అది తీరాక" అంటుంది. కోడలు కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ చిన్న సందేహం తీరలేదు.

చదివి ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. ప్రతిదీ ఇంట్లో చేసి చూడాలి. గ్లాసులన్నిటికీ మొహం పౌడరు చల్లి వేలిముద్రలు తీసింది. ఓసారి మామయ్యని సోఫా వెనక శవంలా పడుకోబెట్టింది. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ వచ్చింది.

"అయ్యో, అన్నయ్యగారికి ఏమైందండీ?"

"పోయారు" అని ఆవిడకి చెప్పి, "కాళ్లు ముడుచుకోండి, కనబడుతున్నాయి" అని శవాన్ని కసిరింది అత్తయ్య.

కోడలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆమెకీ కథలు రాయాలని ఉంది. ఒక ఇంటికి ఒక్క పిచ్చి చాలని ఎవరికీ చెప్పలేదు. ఓ వెబ్ పత్రిక కొత్తవాళ్లకి డిటెక్టివ్ కథల పోటీ పెట్టింది. ఆదివారంతో గడువు అయిపోతుంది. కథంతా రాసేసింది గానీ, లోపల గడియ పెట్టిన గదిలోంచి హంతకుడు బయటికి ఎలా వచ్చాడో తేలలేదు. అది తేలకపోతే ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పేషెంట్లు లేని సమయం చూసి, మారుపేరుతో ఆ ఫోరంలోనే అడిగింది: "కిందికి పడే గడియకి అడ్డంగా ఐసుముక్క ఇరికించి, బయటికొచ్చి తలుపు వేసేస్తే, ఐసు కరిగాక గడియ దానంతటదే పడుతుందా?" బాగా అర్థం కావాలని తలుపునీ గడియనీ పూసగుచ్చినట్టు వర్ణించింది.

మర్నాడు పొద్దున మామయ్య, కోడలి భర్త తువ్వాళ్లు భుజాన వేసుకుని స్నానాలగది ముందు నిలబడ్డారు.

"లోపల ఎవరు?" అని తలుపు కొట్టాడు మామయ్య.

"ఎవరూ లేరు" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"ఎవరూ లేకపోతే గడియ ఎవరు పెట్టారే?"

"ఐసు."

"అయితే అది స్నానం చేసి వచ్చేదాకా ఆగమంటావా?"

వడ్రంగిని పిలిపించారు. "లోపల ఎవరైనా పడిపోయారా అండీ?" అన్నాడతను. "ఎవరూ లేరు. ఇంకేం అడక్కు నాయనా, తలుపు తియ్యి" అన్నాడు మామయ్య నీరసంగా.

ఐసు మాట వినగానే కోడలికి తన ప్రశ్న గుర్తొచ్చింది. గదిలోకి వెళ్లి ఫోన్ చూసింది. ఫోరంలో 'పాత తాళం' అనే పేరుతో జవాబు వచ్చింది. "పడుతుంది. మా ఇంట్లో చేసి చూశాను. తలుపు కింద కాస్త తడి మిగులుతుంది, కాబట్టి హంతకుడి చేత అక్కడో తడిగొడుగు పెట్టించండి. మా ఇంటికి వడ్రంగి వచ్చాడు, మళ్లీ కలుస్తాను. కథ మాత్రం ఆపకండి."

ఆ పేరుతో వచ్చిన పాత జవాబులన్నీ తిరగేసింది. ఎవరెవరో అడిగిన ప్రశ్నలు. "సోఫా వెనక దాస్తే కాళ్లు కనబడతాయి. మావారిని పడుకోబెట్టి చూశాను." ఇన్నాళ్లూ అత్తయ్య తీర్చుకుంటున్న సందేహాల్లో ఒక్కటీ ఆవిడ సొంతం కాదు. కోడలికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

బయటికొచ్చేసరికి అత్తయ్య గోనెసంచి దులుపుతోంది. మనిషిని సంచిలో వేసి ఒక్క ఆడమనిషి ఈడ్చగలదా అని ఎవరో అడిగారట. మామయ్య చెప్పులు వేసుకుని అప్పుడే వీధిలోకి జారుకున్నాడు.

"నేను కూర్చుంటాను అత్తయ్యా" అంది కోడలు.

అత్తయ్య తల కూడా ఎత్తలేదు. "ముందు వెళ్లి నీ కథ పంపించు. మన స్నానాలగది తలుపుని మూల ఊడిన రంగుతో సహా వర్ణిస్తే, అడిగిందెవరో నాకు తెలియదా? పంపించి రా, సంచిలో దూరుదువుగాని."