నేతవాళ్ల డబ్బా

నిన్న అటక సర్దుతుంటే అమ్మ రేకు డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే తుప్పు వాసన. మన ఈడు వాళ్లకు గుర్తుండాలి, అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్నో ఇళ్ల ముందుగదులు దుకాణాలే. మాది పోచంపల్లి చీరల దుకాణం. రోజూ వచ్చిన డబ్బును అమ్మ మూడు డబ్బాల్లో వేసేది. ఒకటి కిరాయికి, ఒకటి ఇంటికి, ఒకటి నేతవాళ్లకు. ఒకదానిలోది ఇంకోదానికి వాడకూడదు. ఏడాది పొడుగునా మా లెక్క అదే.

ఎల్బీనగర్‌లో ప్లాట్లు పడ్డ ఏడు, మేం తీసుకున్న ప్లాటుకు కిస్తు కట్టడానికి నాన్న నేతవాళ్ల డబ్బా తీశాడు.

"గవి మనయి గావు గదా" అంది అమ్మ.

"దసరాకు గిరాకీ ఒస్తది. మళ్ల నింపుదాం."

అమ్మ ఖాళీ డబ్బాకు మూత పెట్టింది.

ఆ వారమే మాకు చీరలు నేసే నర్సయ్య తాత నూలు కొనడానికి డబ్బు కోసం వచ్చాడు. అమ్మ చాయ్ ఇచ్చి, పండగ తర్వాత రమ్మంది.

"ఫికర్ లేదు బిడ్డా. నీ డబ్బాల ఉన్న పైసలు యాడికి పోతయ్?" అన్నాడాయన.

అమ్మ తల ఎత్తలేదు.

పండగ తర్వాత మొత్తం ఇచ్చేశాం. కాని నూలు లేక అన్నాళ్లూ ఆయన మగ్గం ఆగిందని, బతుకమ్మకు వాళ్లింట్లో ఎవరికీ కొత్త బట్టల్లేవని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ప్లాటులోనే ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు దాని రేటెంతో చుట్టాలు చెప్పుకుంటుంటే, నేను మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోతాను.