శనివారం ఎడిన్‌బరో రైలు

పోయిన ఆదివారం మా అమ్మాయి వెల్లింగ్టన్ నుంచి లోవర్ హట్‌లో ఉన్న మా ఇంటికి వచ్చి, వాళ్ళమ్మ కలిపి పెట్టిన పప్పన్నం ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో ఫోన్ నొక్కుకుంటూ, వచ్చే నెలలో స్నేహితురాలి పెళ్ళికి లండన్ వెళ్తున్నానని, ఆ పెళ్ళయ్యాక మూడు రోజులు ఖాళీ ఉందని, ఆ మూడు రోజుల్లో ఎడిన్‌బరో, గ్లాస్గో రెండూ చూసి వస్తానని చెప్పింది. "నాన్నా, నువ్వు అక్కడ వర్క్ చేశావుగా, టూరిస్టులు వెళ్ళేవి కాదు, లోకల్స్ వెళ్ళే ప్లేసెస్ ఏవో ఒక ఐదారు చెప్పు చాలు" అంది. ఆ మాటతో నేను ఎంత కదిలిపోయానో దానికి తెలియదు. అది నన్ను ఏదైనా అడిగి చాలాకాలమైంది.

ఎడిన్‌బరోలో మొదటి సాయంత్రానికి అప్పుడే ఒక దయ్యాల టూర్ బుక్ చేసిందట. పాత వీధుల కింద నేలమాళిగల్లోకి దీపం పట్టుకుని తీసుకెళ్ళి భయపెట్టి పంపిస్తారు. నా స్వభావం మీకు తెలుసు. ఇక్కడ న్యూజిలాండ్‌లో, టకానిని పేట కొత్త లేఅవుట్లలో మొదటి ఇల్లు కొనే మన కుర్రాళ్ళు, కంప్యూటర్లకు తర్కం నేర్పి బతుకుతున్నవాళ్ళు, ఈశాన్యం మూల చూసుకుని సంతకం పెడుతుంటే మన తెలుగు సంఘం పత్రికలో మూడు వ్యాసాలు రాసి ముగ్గురు మిత్రుల్ని పోగొట్టుకున్నవాణ్ణి. దయ్యమంటే ఏమిటో, దాన్ని ఎవరు ఎందుకు పుట్టించారో మొదలుపెట్టాను. అమ్మాయి "చిల్ నాన్నా, సరదాకే" అంది. వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయన్ని కదిపావా, ఇంక నీ ఫ్లైట్ వెళ్ళిపోయినట్టే" అంది.

సరే, దయ్యాల్ని వదిలేసి జాబితా రాయడం మొదలుపెట్టాను. బస గ్లాస్గోలోనే పెట్టుకో, ఎడిన్‌బరో పెళ్ళికి ముస్తాబైన మనిషిలాంటిది, దాన్ని చూసి రావాలి. గ్లాస్గో ఆ పెళ్ళికి వంట చేసిన మనిషిలాంటిది, దానితో కూర్చోవాలి. అక్కడినుంచి ఎడిన్‌బరోకి రైల్లో వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో, లిన్‌లిత్‌గో దగ్గర చెరువు పక్కన పైకప్పు లేని రాజభవనం కనిపిస్తుంది, రెప్పవేస్తే పోతుంది. కోటలోపలికి వెళ్ళే వరసలో నిలబడొద్దు, కోటని కింద తోటలోంచి చూడాలి. కాల్టన్ కొండ ఎక్కు, పావుగంట చాలు, ఊరూ సముద్రమూ రెండూ నీవే. పెద్ద వీధిలో ఒక తత్వవేత్త విగ్రహం ఉంటుంది, అద్భుతాల్ని నమ్మొద్దని జీవితమంతా చెప్పిన మనిషి, అదృష్టం కలిసొస్తుందని జనం ఆయన కాలి బొటనవేలు రుద్ది రుద్ది బంగారంలా మెరిపించారు, అది తప్పక చూడు. గ్లాస్గోలో వానొస్తే కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో దూరు, వాన రాకపోయినా దూరు. ఇలా రాస్తూ రాస్తూ ఆ వాన మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఇందులో ఒక్కటీ నా మాట కాదు. ఎడమవైపు కిటికీ నుంచి వాన దాకా అన్నీ గ్లాస్గోలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి మాటలే, ఆమె చెప్పిన వరసలోనే నా చేతిలోంచి వస్తున్నాయి.

అప్పుడు నాకు ముప్ఫై దాటాయి, పెళ్ళి కాలేదు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని ప్రపంచమంతా బెంబేలు పడుతున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళు ఎంతమందిమి సముద్రాలు దాటామో మీలో చాలామందికి స్వానుభవమే. నాకు గ్లాస్గోలో ఒక బీమా కంపెనీలో పని దొరికింది. తూర్పు వైపు డెనిస్టన్ అనే పేటలో, ఎర్రరాతి మేడలో మూడో అంతస్తులో ఒక గది. ఇంటావిడకి అరవై ఉంటాయి, ఎప్పుడూ ఆకుపచ్చ రెయిన్‌కోటు, చిన్న మనిషి, నడక మాత్రం పోస్ట్‌మన్ నడక. భర్త ఎప్పుడో వదిలి వెళ్ళిపోయాడు. ఒక్కడే కొడుకు, సరుకుల ఓడలో పనిచేసేవాడు, ఇరవై రెండేళ్ళకి నార్వే వైపు సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు కాబట్టి సమాధి లేదు, సమాధి లేదు కాబట్టి ఎక్కడా ఏ రాతి మీదా అతని పేరు లేదు. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు, కింది అంతస్తు ఆవిడ మెట్ల మీద గొంతు తగ్గించి చెప్పి, "ఆమె దగ్గర ఆ పేరు ఎత్తకు నాయనా" అని హెచ్చరించింది.

ప్రతి శనివారం ఇంటావిడ పొద్దున్నే రైలెక్కి ఎడిన్‌బరో వెళ్ళేది. ఒక శనివారం నన్నూ లాక్కెళ్ళింది, ఊరు చూడకుండా ఉద్యోగం చేసి వెళ్ళిపోతే సిగ్గుచేటని. అక్కడినుంచి అదొక అలవాటైంది. మధ్యాహ్నం దాకా నన్ను తిప్పి, ఎక్కడ ఏది చూడాలో, దేనికి వీపు తిప్పాలో చెప్పి, మూడు గంటలకి నన్ను తోటలో బెంచీ మీద కూర్చోబెట్టి, "గంటలో వస్తా" అని ఎటో వెళ్ళేది. ఎటు వెళ్తుందో అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక మేడ మీది హాల్లో వారం వారం చనిపోయినవాళ్ళతో మాట్లాడించే సభ జరుగుతుందట, అక్కడికి.

నేను ఎలాంటి ఊళ్ళో పెరిగానో చెప్పాలి ఇక్కడ. మా హేతువాద సంఘం మాష్టారు మాకు పదహారేళ్ళకే నిప్పుల మీద నడవడం నేర్పాడు, గంజి కలిపి చుట్టిన బూడిద గుళికని బొటనవేలి సందున దాచి గాల్లోంచి విభూతి రాల్చడం నేర్పాడు, ఏ బాబా అయినా సరే మూడు ప్రశ్నల్లో కూలగొట్టడం నేర్పాడు. ఎడ్లబండి మీద మైకు కట్టి తిరిగినవాళ్ళం. మోసపోయేవాడికి నిజం చెప్పడం కన్న గొప్ప దయ లేదని నేను నమ్మాను. ఇంటావిడ అంటే నాకు ఎంత ఇష్టమో, ఆ శనివారం నేను చేసినదానికి ఆ ఇష్టమే కారణమని చెబితే మీరు నమ్మాలి.

ఆ వారం నేనూ వస్తానన్నాను. ఆమె ముఖం వెలిగింది. సభకి ముందు పక్కగదిలో టీ ఇస్తారు. అక్కడ టీ పోసే ఆవిడతో నేను కావాలని కబుర్లాడి, నాకు భాస్కర్ అని ఒక తమ్ముడుండేవాడని, మా ఊరి కాలవలో మునిగిపోయాడని చెప్పాను. మా అమ్మకి నేనొక్కణ్ణే. ఊరికే చెప్పలేదు, కంఠం కూడా కొంచెం వణికించాను. అరగంట తర్వాత హాల్లో ఇరవైమంది ముసలివాళ్ళ మధ్య, ఉన్ని స్వెటరు వేసుకున్న లావుపాటి స్త్రీ ఒకామె కళ్ళు మూసుకుని, ఒకరొకరికీ వాళ్ళవాళ్ళ కబురు చెప్తూ వచ్చి, నా దగ్గర ఆగింది. తడిబట్టలతో ఒక కుర్రవాడు కనిపిస్తున్నాడంది, భా అనే అక్షరం వినిపిస్తోందంది.

నేను లేచి నిలబడ్డాను. నాకు తమ్ముడు లేడన్నాను. టీ గదిలో ఏం చెప్పానో, అది ఇక్కడికి ఎలా చేరిందో, మిగతా అందరి కబుర్లూ ఇలాగే ఎలా చేరుతున్నాయో, మా ఊరి వేదిక మీద చెప్పినట్టే వరసగా, స్పష్టంగా చెప్పాను. చప్పట్లు కొట్టడానికి అక్కడ మావాళ్ళెవరూ లేరు. ఎవరూ కోప్పడలేదు కూడా. ముందువరసలో ఒక ముసలాయన టోపీ పెట్టుకుంటూ నా వైపు తిరిగి, "టీ అయినా బాగుందా అబ్బాయ్?" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు కోట్లు వేసుకుని మెట్లు దిగిపోయారు. ఇంటావిడ మాత్రం కాసేపు కుర్చీలోనే కూర్చుంది. ఆమె వంతు ఎప్పుడూ చివరికి వచ్చేదట. ఆరోజు రాలేదు.

తిరుగు రైల్లో ఆమె నాకెదురుగా కూర్చుంది. లిన్‌లిత్‌గో దాటాక, చాలా మామూలుగా, కూరగాయల సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"టీ గదిలో ఆరా తీస్తారని నాకు తెలియదనుకున్నావా బాబూ? మావాడి పేరు ఆ టీ పోసే ఆవిడకి చెప్పింది నేనే. మొదటిసారి సభలో తప్పు పలికితే దిద్దాను కూడా."

మరి ఎందుకు వెళ్తున్నారన్నాను.

"మా మేడలో అందరూ మంచివాళ్ళు. నేను బాధపడతానని ఎవరూ వాడి మాటెత్తరు. ఏడేళ్ళు. వారానికొకసారి అక్కడ ఒక మనిషి వాడి పేరు పైకి అంటుంది. నేను 'ఆ, ఉన్నా' అంటాను. అంతే."

అని, కొడుకు పేరు చెప్పింది. ఒకసారి, నా ముఖం చూస్తూ. నేను ఏం చేయాలో ఏ చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఆ పేరు నేను తిరిగి అనాలి. నేనేమో, అయినా అది మోసమే కదండీ అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత ఆమె ఎడిన్‌బరో వెళ్ళలేదు. శత్రువుని వెంటబెట్టుకొచ్చిన మనిషిగా ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేకపోయింది కాబోలు. శనివారాలు వంటింట్లో రేడియో పెట్టుకుని కూర్చునేది. రెయిన్‌కోటు తలుపు వెనక తగిలించి ఉండేది. ఇంకా ఎనిమిది నెలలు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఎన్నో శనివారాలు ఆ గుమ్మంలో నిలబడి, ఆ పేరు నాలుక చివరిదాకా తెచ్చుకుని, వాన తగ్గినట్టుందండీ అన్నాను. జాలిపడటం ఆమెని చిన్నబుచ్చడమని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మని తంతులో పాలుపంచుకోకూడదని చెప్పుకున్నాను. ఎంత తప్పుడు తర్కమో చూడండి. పేరు పలకడం ఏ తంతు? మన ఇళ్ళలో పోయినవాళ్ళ పేరు పిల్లలకి పెట్టుకోవడాన్ని ఎగతాళి చేస్తూ కాలేజీ రోజుల్లో నేనొక వ్యాసం రాశాను, తాత ఏమైనా తిరిగొస్తాడా అని. తిరిగి రాడని ఆ పేరు పెట్టిన వాళ్ళకీ తెలుసు. రోజుకి పదిసార్లు ఆ పేరు పెట్టి పిలవడానికి ఇంట్లో ఒక వంక కావాలి, అంతే. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఒక సముద్రం దాటడం సరిపోలేదు.

న్యూజిలాండ్ వీసా వచ్చింది, వచ్చేశాను. స్టేషన్‌లో ఇంటావిడ నా చేతిలో సాండ్‌విచ్ పొట్లం పెట్టింది, ఏ వైపు కూర్చోవాలో చెప్పింది. నాలుగైదేళ్ళు క్రిస్మస్ కార్డులు నడిచాయి. ఒక ఏడాది నేను పంపిన కార్డు, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది.

దయ్యాలు లేవు. ఈ మాట నేను ఇప్పుడూ అంటాను, పోయేటప్పుడూ అంటాను. అయితే ఒకసారి ఆఫీసు పని మీద డనీడిన్ వెళ్ళాను. అక్కడినుంచి ఇక్కడికి వలసొచ్చినవాళ్ళు ఎడిన్‌బరోని తలుచుకుని కట్టుకున్న ఊరు అది, వీధుల పేర్లు కూడా అవే తెచ్చి పెట్టుకున్నారు. ప్రిన్సెస్ స్ట్రీట్ అన్న పలక కింద, చినుకుల్లో, ఆకుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న చిన్న మనిషి నాకు ముందు చకచకా నడిచిపోతోంది. నేను వెనకాల పరుగెత్తాను, నలభై దాటిన మనిషిని, చేతిలో లాప్‌టాప్ సంచీతో. ఆమె తిరిగి చూస్తే ఎవరో మావోరీ పెద్దావిడ, "ఏమైనా పడేసుకున్నావా నాయనా?" అని నవ్వుతూ అడిగింది. లేదండీ అన్నాను. మెదడు అలా ఎందుకు చేస్తుందో నాకు బాగా తెలుసు, పదిమందికి వివరించగలను. తెలిసినంత మాత్రాన అది మానలేదు. హట్ రైల్లో నా ఎదుటి సీటు ఖాళీగా ఉంటే ఇప్పటికీ నేను చోటు మారి కూర్చుంటాను.

ఇదంతా ఆ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయికి చెప్పాను. ఇరవైయేళ్ళకి పైగా కాపురం చేసిన మా ఆవిడ కూడా మొదటిసారి వినడం, చేతిలో గరిటెతో గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసి విన్నది. అంతా అయ్యాక, ఇంతకాలం నాకు ఎవరూ వేయని, వేయడానికి నేను అవకాశమివ్వని చిన్న ప్రశ్న వేసింది.

"వాడి పేరేంటి నాన్నా?"

నోరు తెరిచాను. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. ఆ రైలు గుర్తుంది, ఆమె ముఖం గుర్తుంది, పేరు పలికేటప్పుడు కింది పెదవి కొంచెం లోపలికి వెళ్ళడం గుర్తుంది, పేరు మాత్రం లేదు. పుట్టని నా తమ్ముడి పేరు ఉంది. భాస్కర్. నా అబద్ధం నాకు భద్రంగా ఉంది. నిజంగా బతికిన మనిషి పేరు పోగొట్టుకున్నాను. ఆమె ఈపాటికి పోయే ఉంటుంది, ఆ హాల్లోవాళ్ళు అప్పటికే ముసలివాళ్ళు, ఆ పేరు విన్నవాళ్ళలో బహుశా నేనే చివరివాణ్ణి.

అమ్మాయి చాలాసేపు వెతికింది, ఓడలు, మునకలు, జాబితాలు. ఓడ పేరు కూడా తెలియకుండా ఏం దొరుకుతుంది? "సారీ నాన్నా" అంది చివరికి, అదేదో దాని తప్పయినట్టు.

ఇప్పటి పిల్లలకి ఏ ఊరికైనా దారి ఫోనే చెబుతుంది. ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో ముక్కూ మొహం తెలియని వెయ్యిమంది రాసి పెడతారు. మంచిదే, నేను దేన్నీ తప్పుపట్టను. మన రోజుల్లో ఒక ఊరు చూడాలంటే ఆ ఊళ్ళో ఒక మనిషి కావాలి, ఆ మనిషి తన ఊరుతో పాటు తన బరువు కూడా కొంత మన చేతిలో పెట్టేది. ఊరు మాత్రం తీసుకుని వచ్చేసినవాళ్ళం నాలాంటివాళ్ళం ఎందరో.

ఈ వారమంతా ఆఫీసు రైల్లో, పెటోని స్టేషన్ దాటి పట్టాలు సముద్రం పక్కకి చేరేసరికి, తోటి ప్రయాణికులు చెవుల్లో ఏవేవో పెట్టుకుని వాళ్ళ లోకంలో వాళ్ళుంటారు కాబట్టి, నేను ఆ దేశపు మగపిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి అంటున్నాను. ఆండ్రూ. కాలమ్. డంకన్. ఫ్రేజర్. హ్యూ. మర్డో. దీన్ని ప్రార్థన అనేవాడెవడైనా ఉంటే వాడితో ఇప్పటికీ వాదిస్తాను. ప్రతి పేరు తర్వాతా కాస్త ఆగుతాను, ఆమె 'ఆ, ఉన్నా' అనడానికి పట్టేంత సేపు.