గ్లాసులో నానబెట్టిన మౌత్ ఆర్గాన్

మా ఆయన ప్రసాద్ పాట మధ్యలో ఆగిపోయిన రోజున నాకు ముందుగా వేసింది భయం కాదు, సిగ్గు. ఆక్లాండ్‌లో మా ఇంటికి దగ్గర్లోని న్యూ లిన్‌లో ఒక హాల్లో నెలకోసారి శనివారం మధ్యాహ్నం బ్లూగ్రాస్, అంటే వేగంగా సాగే అమెరికా పల్లెపాటలు, వాయించేవాళ్లు చేరతారు. బాంజో, ఫిడేలు, గిటారు, వాటి మధ్య ఈయన మౌత్ ఆర్గాన్. వరసగా ఒక్కొక్కరికీ వంతు వస్తుంది. ఈయన తన వంతు అందుకుని, నాలుగు వరసలు మంచి వేగంగా వాయించి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు. పాట మరిచిపోయారనుకుని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కారెక్కాక "ఊపిరి అందలేదు హైమా" అన్నారు. "నలభై ఎనిమిదేళ్లొచ్చి ఆ పరుగులేంటండీ" అని తీసిపారేశాను.

ఆ మౌత్ ఆర్గాన్ సంగతి ముందే చెప్పాలి. ఈయన కాకినాడలో చదువుకునే రోజుల్లో సినిమా పాటలు వాయించేవారట. ఆక్లాండ్ వచ్చి ఐటీ ఉద్యోగంలో సెటిల్ అయ్యాక, ఆ హాల్లో బాంజో వాయించే గ్రాహమ్ అనే పెద్దాయన పరిచయమయ్యారు. డెబ్భై దాటిన కివీ, అంటే ఇక్కడి న్యూజిలాండ్ మనిషే. పోయిన తన అన్నగారి మౌత్ ఆర్గాన్‌ని ఈయనకిచ్చి, పాత వాయిద్యగాళ్ల కిటుకు కూడా చెప్పారు. "లోపల చెక్క ఉంటుంది మేట్. అది ఎండితే గాలి కారిపోతుంది. వాయించే ముందు నీళ్లలో నానబెట్టు, గొంతు ఎలా లేస్తుందో చూడు."

నానబెట్టే పని నేను తీసుకున్నాను. ఎవరూ అప్పగించలేదు, మా ఇంట్లో పనులన్నీ నేను అలాగే తీసుకుంటాను. సాయంత్రం టీ పెట్టేటప్పుడు స్టీలు గ్లాసులో నీళ్లు పోసి దాన్ని అందులో వేసేదాన్ని. ఈయన పని ముగించుకుని వచ్చాక దులిపి చేతికిచ్చేదాన్ని. ఓ గంట వాయించి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేసేవారు. ఆరబెట్టాలని ఇద్దరికీ తోచలేదు.

హాల్లో వంగిపోయిన తర్వాత పొడిదగ్గు మొదలైంది. రాత్రికి చలిజ్వరం వచ్చేది, పొద్దున్నకి పోయేది. మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, మొదట వైరల్ అన్నారు, తర్వాత యాంటీబయాటిక్స్ ఇచ్చారు, ఆ తర్వాత ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. చలికాలం వచ్చేసరికి ఈయన మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఫోన్ చూస్తున్నట్టు నటించేవారు.

"ఇంట్లో డ్యాంప్ ఉందా, గోడలకి చెమ్మ పడుతోందా?" అని జీపీ అడిగారు. మౌంట్ ఆల్బర్ట్‌లో మాది పాత ఫ్లాట్. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు. దొంగ దొరికాడనుకున్నాను. గోడలు తోమించాను, కార్పెట్ పీకించాను, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ కొన్నాను. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఒక ఉదయం ఈయన పెదాలు నీలంగా కనిపించాయి. అంబులెన్స్, ఆక్సిజన్, ఎక్స్‌రే, సీటీ స్కాన్. ఊపిరితిత్తుల్లో గ్రౌండ్ గ్లాస్ కనిపిస్తోందని వార్డులో రెజిస్ట్రార్ డాక్టరు చెప్పాడు. ఆరోగ్యంగా ఉంటే నల్లగా కనిపించాల్సిన చోట మసకేసిన గాజులా ఉందని అర్థమట. కుర్రడాక్టరు, మంచివాడే. చేతిలో పెద్ద ప్రశ్నల జాబితా. పక్షుల్ని పెంచుతారా? ఈకల దిండు ఉందా? స్పా పూల్? తోటలో కంపోస్టు తిప్పుతారా? ప్రతిదానికీ ఫైలు ఒళ్లో పెట్టుకుని నేనే జవాబు చెప్పాను. ఈయనకి మాట్లాడితే దగ్గొస్తుంది కదా.

"హాబీలేమైనా?" అన్నాడు.

ఈయన నోరు తెరిచారు. "నో హాబీస్ డాక్టర్, ఓన్లీ వర్క్" అని నేను అందుకున్నాను.

ఎందుకలా అన్నానో దాచుకోను. మౌత్ ఆర్గాన్ వాయిస్తున్నారంటే ఊపిరి బాగానే ఉందనుకుంటారని, పారాసెటమాల్ ఇచ్చి ఇంటికి పంపేస్తారని భయపడ్డాను. అంత తెలివి నాది.

జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అన్నారు. "పీల్చే గాలిలో ఏదో మీకు పడటం లేదు. అదేంటో కనిపెట్టి దూరంగా ఉండాలి. లేకపోతే లోపల మచ్చ కడుతుంది. ఆ మచ్చ మళ్లీ పోదు." ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి బ్రాంకోస్కోపీ చేశారు, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వార్డులో పది రోజుల్లో ఈయన నడిచారు. ఇంటికొచ్చిన మూడో వారానికి మళ్లీ దగ్గు. చూశారా, ఇల్లే, అన్నాను. ఆ ఇల్లే కాదు, ఆక్లాండే వదిలేసి, హామిల్టన్ ఊళ్లో రోటోటూనా అనే చోట కొత్త ఇంటికి మారిపోయాం. మా అమ్మాయి నిత్య స్కూలు మార్చుకుని, స్నేహితురాళ్లందరినీ వదిలి, నెల రోజులు నాతో మాట్లాడలేదు.

రోటోటూనాలో మొదటి నెల ఈయన తేరుకున్నారు. జ్వరం లేదు, పార్కు దాకా నడిచేవారు. నేను గెలిచాననుకున్నాను. నిజానికి అప్పటికి మేం విప్పని అట్టపెట్టెల్లో ఒకదాంట్లో మౌత్ ఆర్గాన్ ఉంది. ఊపిరికి వ్యాయామం కావాలని ఫిజియో చెప్పగానే, ఇంతకన్నా మంచి వ్యాయామం ఏముంటుందని ఆ పెట్టె వెతికి తీసింది నేనే. మళ్లీ గ్లాసు, మళ్లీ నీళ్లు.

రెండు వారాల్లో ఈయన కుర్చీకి అతుక్కుపోయారు. అది మా ఇంట్లో అన్నిటికన్నా చెడ్డకాలం. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ పక్కన ఆక్సిజన్ మెషీన్, దాని గొట్టం ఎంత పొడవుంటే అంత దూరమే ఈయన ప్రపంచం. వంటగది దాకా వస్తుంది, గుమ్మం దాటదు. ప్రెడ్నిసోన్‌తో మొహం ఉబ్బింది. కోపం వచ్చినా అరవడానికి ఊపిరి చాలదు. వీధిలో అన్నీ కొత్త ఇళ్లే, అన్ని తలుపులూ మూసే ఉంటాయి, మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంక మారడానికి ఇంకో ఇల్లు కూడా లేదు. ఆఖరికి ఊపిరితిత్తుల మార్పిడి మాట కూడా వినిపించింది. ఆ రోజుల్లో ఈయనకి ఒక్కటే ఓదార్పు ఉండేది. సాయంత్రం గొట్టం పక్కన పెట్టి, పది నిమిషాలు మెల్లగా వాయించుకోవడం.

హామిల్టన్ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల స్పెషలిస్టు యాభై ఏళ్లావిడ. నేను ఫైలు తెరిచి మొదలుపెట్టగానే, "మీరు చాలా బాగా రాసుకున్నారు. కానీ నాకు ఆయన నోటి నుంచి వినాలనుంది" అంది. ఈయన వైపు తిరిగి, "నిన్న నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశారో చెప్పండి. తొందరేం లేదు" అంది.

ఈయన చెప్పడం మొదలుపెట్టారు. రెండు మాటలు, ఒక దగ్గు. పళ్లు తోముకోవడం, లాప్‌టాప్, పెరుగన్నం, కునుకు. నేను రెండుసార్లు నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడకుండానే అరచెయ్యి పైకెత్తింది.

"ఐదింటికి టీ. తర్వాత హైమ మౌత్ ఆర్గాన్ ఇస్తుంది."

"ఎక్కడి నుంచి ఇస్తారు?"

"నీళ్ల గ్లాసులోంచి."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "దాన్ని ఊదుతారు, అంతేనా?"

"ఊదడం తక్కువ. కంట్రీ పాటలకి పీల్చి వాయించేదే ఎక్కువ" అన్నారు ఈయన. ఆ పరిస్థితిలో కూడా, పాఠం చెబుతున్నట్టు, కొంచెం గర్వంగా.

ఇంటికొచ్చి మౌత్ ఆర్గాన్ స్క్రూలు నేనే విప్పాను. రేకుల మధ్య చెక్క నల్లగా ఉంది, దాని మీద సన్నటి నూగు. వంటగది నేల మీద కూలబడి ఏడ్చాను. గోడల్ని, కార్పెట్‌ని, ఊరినే అనుమానించాను. అసలుదాన్ని రోజూ నీళ్లు పోసి పెంచి, నా చేత్తో ఆయన నోటికి అందించాను. ప్లాస్టిక్ సంచిలో కట్టి ల్యాబ్‌కి పంపాం. ఫంగస్ అని రిపోర్టు వచ్చింది, ఈయనకి పడనిది అదేనని స్పెషలిస్టు తేల్చింది.

ఇప్పుడు ఆక్సిజన్ మెషీన్ ఇంట్లో లేదు. మార్పిడి మాట కూడా లేదు. కానీ ఊపిరితిత్తుల అడుగున కట్టిన మచ్చ అలాగే ఉంది, ఉంటుంది. ఏటవాలు రోడ్డు ఎక్కలేరు. ఏడాది ఆగాక, లోపల చెక్క లేని, కడగడానికి వీలైన మౌత్ ఆర్గాన్‌కి డాక్టరు ఒప్పుకుంది. రోజూ ఈయనే విప్పి, కడిగి, ఎండలో ఆరబెట్టుకుంటారు. నన్ను ముట్టుకోనివ్వరు. మెల్లటి పాటలే వస్తాయి. బ్లూగ్రాస్ వేగం ఇక రాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మొన్న అలా ఆరబెడుతుంటే అడిగాను. "ఆ రోజు హాబీలు అడిగినప్పుడు నోరు తెరిచారు కదా, తర్వాతైనా ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన కోప్పడలేదు. "నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో దూరాలంటే చాలా ఊపిరి కావాలి హైమా" అన్నారు.

మీ ఇంట్లో మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఫైలు పట్టుకెళ్లండి, కారు మీరే డ్రైవ్ చేయండి, పక్కన కూర్చోండి. డాక్టరు అడిగిన దానికి మాత్రం జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. దగ్గుతూ, ఆగుతూ, ఎంత ఆలస్యమైనా సరే.